టమోటాలు తిని తేలిన డ్రమ్ము

నేను ఒక తారు డ్రమ్మును. రోడ్డు వేసినవాళ్లు నా కడుపు ఖాళీ చేసి, గట్టు కిందికి దొర్లించి పోయారు. పని తీరాక మనుషుల ప్రేమ అంతే మరి! వెల్డింగు షాపు ఖాదర్ బాషా నన్ను తెచ్చి, మంటలో కాల్చి తారు వదిలించాడు. అక్కడ నన్ను చూసింది చౌడమ్మ.

టమోటా మార్కెట్ వెనక ఆమెకు ఇడ్లీల అంగడి ఉండేది. ధర పడిపోయిన రోజుల్లో బండ్లకొద్దీ టమోటాలు పక్కనే పారే వంకలో పోసేవారు. అవి కుళ్లి ఆమె బావినీళ్లు కంపు కొట్టాయి. హమాలీలు ఇడ్లీలకు రావడం మానేశారు. పొయ్యిలోకి కొండ మీద కట్టెపుల్ల కూడా దొరకడం లేదు.

“బాషా, ఈ కుళ్లుతో పొయ్యి మండదా?”

“మండుతాదక్కా. పేడ కలిపి మురగబెడితే గ్యాసు వస్తాది.”

సిమెంటు తొట్టి కట్టి, నా మూత కోసి నన్ను అందులో బోర్లించి, నా వీపు నుంచి పొయ్యికి గ్యాసు గొట్టం బిగించారు. చౌడమ్మ ఉత్సాహం ఆపుకోలేక మొదటిరోజే తొట్టినిండా టమోటాలు కుక్కింది. నాకు ఒకటే పులితేన్పులు! వారమైనా మంట రాలేదు. అగ్గిపెట్టె మొత్తం అయిపోయింది.

“చౌడమ్మ ఊరగాయ పెట్టిందిరోయ్!” అని మార్కెట్ అంతా నవ్వింది. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

“పులుపెక్కువైందక్కా, తప్పు నాదే. ముందే చెప్పాల్సింది. పేడ పెంచుదాం,” అన్నాడు బాషా.

సగం తోడేసి, తొమ్మిది రోజులు ఆమె తట్టలకొద్దీ పేడ మోసి పోసింది.

పదోరోజు పొద్దున నా కడుపులో చక్కిలిగింత. గ్యాసు నిండి జానెడు లేచాను. మూరెడు లేచాను. తారు మోసిన ఒళ్లు తేలడం ఎప్పుడైనా ఎరుగునా?

“లేస్తాంది! బాషా, డ్రమ్ము లేస్తాంది!”

నీలిమంట భగ్గుమంది. చౌడమ్మ అతని రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పింది. అతని టోపీ పేడలో పడింది. ఇద్దరికీ పట్టలేదు. ఆ మంట మీద ఒక్క వాయి ఇడ్లీ ఉడికింది. నవ్వినవాళ్లే వరసలో నిలబడి తిన్నారు.

తర్వాత నా పక్కన మరో మూడు డ్రమ్ములు వెలిశాయి. మేము తినగా మిగిలిన టమోటాలు వంకలో పడకుండా ఎరువుగుంతలకు పోయాయి. రెండు వానలు వంకను కడిగాయి.

ఈరోజు చౌడమ్మ బావిలో నీళ్లు చేది, పుక్కిలించి, గుటక వేసి, బాషాకు చెంబు ఇచ్చింది.

“తాగు.”

“తియ్యగుండాయక్కా!”

పాడిగేదెను తట్టినట్టు ఆమె నా వీపు తట్టింది. నాకు నవ్వాగలేదు, ఇంకో జానెడు పైకి లేచాను.