రెండో దెబ్బ

పాట సాయంత్రం ఆరు గంటలకు విడుదల కావాలి. అయిదుంబావుకు నాన్న ఆమె గది తలుపు తోసుకుని లోపలికి వచ్చి, "ఆపమ్మా," అన్నాడు.

ఆమె ఆపింది. మూడేళ్ళుగా ఆ గదిలో డాన్స్ పాటలు కడుతోంది. ఆయన ఏనాడూ గడప దాటి రాలేదు. అక్కడే నిలబడి, "మిక్సీలో గులకరాళ్ళు వేశావా తల్లీ?" అని నవ్వి వెళ్ళిపోయేవాడు. ఇవాళ నవ్వలేదు. కుడిచెయ్యి అలవాటు ప్రకారం ఎడమ చంకలో దాగి ఉంది. ఆ చేతికి మిగిలినవి బొటనవేలు, చూపుడువేలు.

"ఆ చప్పుడు ఎక్కడిది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "ప్రెస్సుది. ఫ్యాక్టరీలో రేకులు కోసే నీ ప్రెస్సే. మూడు వారాల కిందట అన్నయ్య జేబులో రికార్డర్ పెట్టుకుని వెళ్ళాడు. నేనే అడిగాను."

తండ్రి వేళ్ళు నలిపిన యంత్రం మీద పాట కట్టినందుకు ఆయన ఏమంటాడో, తాను ఏం చెప్పుకోవాలో ఆమె మనసులో ఎన్నోసార్లు అప్పజెప్పుకుంది. అందులో కోపం ఉంది, కన్నీళ్ళు ఉన్నాయి, చివర్లో క్షమాపణ కూడా ఉంది. ఆయన మంచం అంచున కూర్చుని, "మళ్ళీ వెయ్యి," అన్నాడు. ఆ మాట మాత్రం అందులో లేదు.

వేసింది. టెక్నో అనే డాన్స్ బాణీలో ప్రెస్సు దెబ్బ గోడలోకి మేకు దిగుతున్నట్టు వరసగా పడుతుంది. నిమిషం తర్వాత ఒక దెబ్బ వెనకే, రాకూడని చోట, ఇంకో దెబ్బ. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు పాట అక్కడ జారి డబ్‌స్టెప్ అనే ఇంకో బాణీలో పడుతుంది. వేగం సగమవుతుంది. కింద నుంచి బేస్ కిటికీ అద్దాన్ని పట్టుకుని ఊపుతుంది. ఇలాంటి పాటల్ని కట్టినవాళ్ళ పేర్లు లేకుండా విడుదల చేసే మనిషిని అందరూ గుడ్లగూబ అంటారు. అతను ఈ ఒక్క తడబాటు విని, "పాట మొత్తం దీని మీదే నిలబడింది. ఎలా తట్టింది నీకు?" అన్నాడు. తట్టిందంతే, అందామె.

"ఆ రెండోది," అన్నాడు నాన్న. "నువ్వు పెట్టావా? దానంతట అది పడిందా?"

ప్రశ్న ఆమెకు మెల్లగా అర్థమయింది. పెడల్ ఒకసారి తొక్కితే ప్రెస్సు ఒక్కసారే దిగాలి. పైకి వెళ్ళి ఆగాలి. అది ఆగినప్పుడే చెయ్యి లోపల పెట్టి, తెగిన రేకు తీసి కొత్తది పెడతారు. ఏడాది కిందట ఆయన చెయ్యి లోపల ఉండగా అది మళ్ళీ దిగింది. ధ్యాస తప్పి పెడల్ రెండుసార్లు తొక్కానని ఆయన కాగితం రాయించి, ఎడమచేత్తో సంతకం పెట్టాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. ఇప్పుడు ఆ ప్రెస్సు ముందు స్టూలు మీద అన్నయ్య కూర్చుంటున్నాడు. ఇవాళ ఆరింటిదాకా అక్కడే.

"తెలీదు నాన్నా."

తెర మీద ఆ దెబ్బను కాపీ చేసి పక్కకు జరిపినట్టు ఆమెకు గుర్తుంది. అప్పుడు టీ చల్లారిపోయిందని కూడా గుర్తుంది. కానీ ఆ జ్ఞాపకం గుడ్లగూబ మెచ్చుకోవడానికి ముందుదా, తర్వాత పుట్టిందా? పొగడ్తకు సరిపడా కథ మనసే అల్లుకుంటుంది, అల్లినట్టు మనకు తెలియనివ్వదు. అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. లోపల ఒక మూల ఆమె అది తనదే కావాలని కోరుకుంటోంది. తనదైతే అన్నయ్యకు ప్రమాదం లేదు, పాట తనది. కాకపోతే నాన్న ఏడాదిగా మోస్తున్న తప్పు ఆయనది కాదు. ఈ రెంటిలో తన మనసు ఎటు మొగ్గిందో చూసి ఆమె తెర మీంచి కళ్ళు తిప్పుకుంది.

ఫ్యాక్టరీలో పనిలో ఉన్నవాళ్ళ ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. నాన్న అక్కడి మేస్త్రీకి ఫోన్ చేశాడు.

"ప్రెస్సు రెండుసార్లు దిగుతోంది. మా వాణ్ణి అక్కణ్ణుంచి లేపు."

"ఎవరు చెప్పారన్నా?"

"మా అమ్మాయి పాటలో వినపడింది."

అటు మేస్త్రీ నవ్వాడు. "అన్నా, మధ్యాహ్నం బాగా భోంచేసి పడుకున్నావా?"

ఆయన ఫోన్ పెట్టేసి, వంగి బూట్ల తాళ్ళు కట్టుకోవడం మొదలుపెట్టాడు. రెండు వేళ్ళతో అది చాలాసేపటి పని. "నేను వీటితో కుస్తీ పట్టేలోగా ఆ దెబ్బ ఎక్కడిదో చూడు. ఉత్త చేతులతో వెళ్తే వాడు వినడు."

ఆమె పాటను ఒక్కో పొరే విప్పింది. బేస్ తీసేసింది. ప్రతిధ్వని తీసేసింది. మిగిలిన ముక్కలో రెండు దెబ్బలూ ఉన్నాయి, కానీ అది ఆమె శుభ్రం చేసిన ముక్క. పెడల్ టక్కుమనే చప్పుడు చెత్త అనుకుని అంతటా తుడిచేసింది. అన్నయ్య రెండుసార్లు తొక్కాడో, ఒకసారే తొక్కాడో చెప్పగలిగింది అదొక్కటే.

"ఒక బూటు అయింది," అన్నాడు నాన్న.

సొరుగంతా కింద గుమ్మరించింది. రికార్డర్‌లో అసలుది ఇంకా ఉంది, రెండు గంటల నిడివి. తెర మీద గీతలుగా పరిచింది. ప్రతి పెద్ద గీత ముందూ, తల్లి చెయ్యి పట్టుకున్న బిడ్డలా, ఒక చిన్న గీత: పెడల్, దెబ్బ. పెడల్, దెబ్బ. వందలకొద్దీ. గంటా పది నిమిషాల దగ్గర ఒక పెద్ద గీత ఒంటరిగా నిలబడి ఉంది.

వినిపించింది. టక్. దెబ్బ. దెబ్బ. తర్వాత ఒక ఊపిరి. ఆ వెనక అన్నయ్య గొంతు, తనలో తాను: "ఛ, నా కాలే."

నాన్న రెండో బూటు తాడు వదిలేసి లేచాడు.

ఫ్యాక్టరీ నాలుగు వీధుల అవతల. ఆయన పరుగెత్తలేదు, పరుగెత్తితే పడతానన్నంత జాగ్రత్తగా, వేగంగా నడిచాడు. ఆమె రికార్డర్ గుండెకు అదుముకుని పక్కనే నడిచింది. షెడ్డు ఇంకా కనపడకముందే ప్రెస్సు వినపడింది. తన పాట తనకంటే ముందే అక్కడికి చేరినట్టు. ఒక్కో దెబ్బకీ వెనకే రెండోది పడుతుందేమోనని ఆమె చెవి ఒగ్గింది.

లోపల అన్నయ్య వీపు వాళ్ళవైపు ఉంది. చెయ్యి లోపలికి, బయటికి. మేస్త్రీ ఎదురొచ్చి, "ఏంటన్నా ఇది," అంటున్నాడు. ఆమె అరవబోయింది. నాన్న ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉలిక్కిపడితే చెయ్యి లోపలే ఉండిపోతుంది."

ఆయన గోడ పక్కనుంచి చుట్టూ తిరిగి, కొడుకు కళ్ళకు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. ఏడాదిగా చంకలో దాచుకున్న చేతిని బయటికి తీసి, పైకెత్తి, ఉన్న రెండు వేళ్ళూ చాపి చూపించాడు.

అన్నయ్య చూశాడు. రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. కాలు తీశాడు.

నాన్న స్విచ్చి కిందకు లాగాడు. ప్రెస్సు చక్రం తన బరువుకి తాను చాలాసేపు తిరిగి నిలిచింది.

"ఏమైంది నాన్నా? చెల్లెందుకొచ్చింది?"

ఆమె రికార్డర్ ఇయర్‌ఫోన్లు ముందు మేస్త్రీకి ఇచ్చింది. అతను ఒకసారి విన్నాడు. వేలు పైకెత్తి మళ్ళీ వెయ్యమన్నాడు. మూడోసారికి వాటిని తీసి, ప్రెస్సు వైపు చూడకుండా, "క్లచ్ విప్పాలి. దెబ్బ తర్వాత ఆపాల్సింది అదే," అన్నాడు. సంతకం పెట్టిన కాగితం మాట అతను ఎత్తలేదు. నాన్న కూడా ఎత్తలేదు, కానీ అతను తలెత్తేదాకా ఆయన కళ్ళు తిప్పుకోలేదు.

"ఆ కాగితం మళ్ళీ రాయిద్దామన్నా," అన్నాడు మేస్త్రీ చివరికి.

అన్నయ్య తన వేళ్ళు తానే చూసుకుంటున్నాడు. "నేనే తొక్కాననుకున్నా నాన్నా. అందుకే ఎవరికీ చెప్పలా."

"నేనూ అంతే రా."

ఆమె ఫోన్ మోగింది. గుడ్లగూబ. "ఆరయింది. పాట వదిలేస్తున్నా. సరేనా?"

"ఆగు. అందులో పెడల్ చప్పుడు తుడిచేశాను. మళ్ళీ పెట్టాలి."

"ఇప్పుడా? అయితే ఆ తడబాటు మాత్రం ముట్టుకోకు. అదే నువ్వు."

"అది నేను కాదు," అందామె. ఆ మాట అనుకున్నంత నొప్పి పెట్టలేదు, కొంచెం పెట్టింది.

ఆమె తిరిగి చూసేసరికి నాన్న ఆ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒక బూటు తాడు విడిపోయి నేల మీద పడి ఉంది. చచ్చిన పెడల్ మీద పాదం పెట్టి, ఒక్కసారి తొక్కి, కాలు తీసి, ఆ కాలివైపు చూస్తున్నాడు.