పెరిగిన ఆయిల్

ఇంజిన్లో ఆయిల్ తగ్గితే రోగం, తగ్గకపోతే ఆరోగ్యం. లారీ డ్రైవర్ ఏడుకొండలు తన కూతురికి చిన్నప్పుడే నూరిపోసిన సంగతి ఇది. పత్తిగింజల నూనెతో తయారుచేసిన డీజిల్ మీద పరిశోధన చేస్తున్న మహేశ్వరి, నరసరావుపేట కాలేజీ ల్యాబ్‌లో తన ఇంజిన్ ఆయిల్ గేజీ మీది గీత దాటి పైకి రావడం చూసి అందుకే మురిసిపోయింది. మిగిలిన డీజిల్‌ను నాయన లారీకి పోయించింది. ఆ రోజు పొద్దున ఆయన కూడా ఫోన్ చేసి, "చుక్క తగ్గలేదమ్మా, పైగా పెరిగింది! నీ నూనె చానా గొప్పది," అని ఒకటే సంబరం. ఊరికే పెరగడానికి అదేమైనా బావిలో నీరా అన్న అనుమానం ఆ తండ్రీకూతుళ్లలో ఒక్కరికీ రాలేదు.

మధ్యాహ్నం పరిశోధన చూడటానికి బయటి యూనివర్సిటీ నుంచి పరీక్షకుడు వచ్చాడు. ఇంజిన్ సాఫీగా నడిచింది. చివరి రీడింగ్ అయ్యాక మహేశ్వరి డీజిల్ కట్టేసింది. ఇంజిన్ ఆగలేదు. ఆగకపోగా దానంతటదే వేగం పెంచుకుంది. నేల అదిరింది, గదంతా పొగ కమ్మేసింది.

"డీజిల్ కట్టెయ్యమ్మా!" గైడ్ రోహిణి మేడమ్ అరిచింది.

"కట్టేశాను మేడమ్!"

మహేశ్వరి ఇంజిన్ దగ్గరికి ఉరికింది. మరి ఏం తాగి తిరుగుతోందిది? తన ఆయిల్‌నే తాగుతోంది! ఇక తను ఆపగలిగింది దానికి అందే గాలి ఒక్కటే. డీజిల్ క్యాన్ల కింద వేసిన మాచర్ల నాపరాయి పలకను లాగి, గాలి పీల్చే గొట్టం మూతికి రెండు చేతులా అదిమిపట్టింది. ఇంజిన్ ఎక్కిళ్లు పెట్టి ఆగింది.

అప్పుడు వెలిగింది ఆమెకు. మండకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్లో కలుస్తోంది. గీత పెరిగింది అందుకే. పలచబడి పొంగిన ఆ ఆయిలే సిలిండర్లోకి ఎక్కి మండింది.

"ఏమ్మా, ఇంజిన్ పాతదా?" పరీక్షకుడు అడిగాడు. ఆమెకు నాయన లారీ గుర్తొచ్చి ఫోన్ తీసింది. రింగు మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది.

"ఏందమ్మా?"

"బండి నడుపుతున్నావా నాయనా?"

"లేదు, పిడుగురాళ్లలో సున్నం బట్టీకాడ ఉండా. లోడయింది, సెల్ఫ్ కొట్టబోతన్నా."

"కొట్టమాక! తాళం తీసెయ్. ఆయిల్ గేజీ తీసి వాసన చూడు."

క్యాబిన్ తలుపు చప్పుడైంది. గేజీ లాగిన చప్పుడు వినిపించింది.

"బజ్జీల బాండీ వాసనొస్తందమ్మా."

మహేశ్వరికి ఏడుపు ఆగలేదు. బతికించుకున్నానన్న ఏడుపే అది. "తప్పు నాదే నాయనా. పెరగడమే రోగం. బండి జోలికి పోమాక."

ఏడుకొండలు గొంతు తగ్గింది. "తగ్గితే భయపడమని నేర్పింది నేనేగదమ్మా. పెరిగితే భయపడాలని నాకూ ఎవురూ చెప్పలా."

ఆమె ముఖం తుడుచుకుని పరీక్షకుడి వైపు తిరిగింది. "ఇంజిన్ తప్పు కాదు సార్, నా డీజిల్‌దే," అంది.