పట్టీ లేని కోటు

డెబ్బై రెండేళ్ళు నిండితే గాని సొంత ఊరు చిత్రకారుడు ఒనుఫ్రి బొమ్మలకు గోడ ఇవ్వలేదు. ఆయన గీసిన ఐదుకాళ్ళ గుర్రాల ముందు వార్సా జనం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. విస్తులా నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో మాత్రం "ఆ ఐదోది దేనికి, తన్నడానికా?" అన్నారు. ఇవాళ కళాభవనంలో ప్రదర్శన. మేయరు ముందే చెప్పాడు: ఐదింటికల్లా చిత్రకారుడు హాలు గుమ్మం దగ్గర లేకపోతే రిబ్బన్ కత్తిరించేది లేదు, సోమవారం నుంచి హాలు తేనెటీగలు పెంచేవాళ్ళ సంఘానికే.

ఐదుకు పది నిమిషాలుండగా ఒనుఫ్రి, వచ్చినవాళ్ళు చలికోట్లు విప్పి అప్పగించే బల్ల దగ్గర ఇరుక్కుపోయాడు.

ఆ బల్ల గెనోవెఫాది. ముప్ఫయ్యేళ్ళుగా ఊరి కోట్లన్నీ ఆమె చేతి మీదుగానే కొక్కేలకెక్కాయి. ఒకసారి బిషప్పునే వెనక్కి పంపిందట. ఆయన దేవుడికి మొరపెట్టుకుంటే, దేవుడు కూడా "ముందు కాలరు వెనక పట్టీ ఉందో లేదో చెప్పు" అన్నాడట.

"దీనికి తగిలించే పట్టీ లేదు," అంది గెనోవెఫా, కోటు తిరగేసి చూపిస్తూ.

"కాలరుకే తగిలించండి, పానీ గెనోవెఫా," అన్నాడు ఒనుఫ్రి. అక్కడ పానీ అంటే అమ్మగారు, పాన్ అంటే అయ్యగారు.

"కాలరు సాగితే నన్నంటారు."

"అయితే వేసుకునే పోతాను."

"కోటుతో లోపలికి పోకూడదు."

"పోనీ ఆ కుర్చీ మీద పడేస్తాను."

"కుర్చీ నాది."

ఒనుఫ్రి జేబులోంచి సుద్దముక్క తీసి కాలరు వెనక ఒక పట్టీ గీశాడు. గెనోవెఫా కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, దాన్ని కొక్కేనికి తగిలించింది. కోటు దబ్బున కింద పడింది.

"మీ బొమ్మల సంగతి ఇప్పుడర్థమైంది, పాన్ ఒనుఫ్రి."

ఆయన వంగి కోటు తీసి దులిపాడు. "నలభై ఏళ్ళు ఆగానమ్మా, ఈ గోడ కోసం. ఏదో ఒక పట్టీ కుట్టిపెట్టండి."

"సూదీ దారం ఉన్నాయి. గుడ్డేదీ?"

గెనోవెఫా చుట్టూ చూసింది. వైను గ్లాసులతో నిలబడ్డ జనం వెనక, హాలు గుమ్మానికి అడ్డంగా ఎర్రటి పట్టు రిబ్బన్ కట్టి ఉంది. పక్కనే దిండు మీద కత్తెర. ఆమె నింపాదిగా నడిచి వెళ్ళింది. కొసలు ముడులు పడి నలిగిపోయాయని, నడిమధ్యలో జానెడు ముక్క కత్తిరించుకుంది. అందరూ గుక్క మింగడం మానేశారు. ఆమె పట్టీ కుట్టి, దారం పంటితో కొరికి, కోటు తగిలించి, కోటు నంబరున్న ఇత్తడి బిళ్ళ ఒనుఫ్రి చేతిలో పెట్టింది.

"ఇక వెళ్ళండి. తెరిచే ఉంది."

ఆయన వెనకే జనమంతా తోసుకుంటూ లోపలికి పోయారు. గుర్రం కాళ్ళు లెక్కపెడుతూ ఎవరో నవ్వారు. వెక్కిరింపు నవ్వు కాదది. ఒనుఫ్రి వెళ్ళి తన గోడకు ఆనుకున్నాడు.

సరిగ్గా ఐదింటికి మేయరు వచ్చాడు. గుమ్మానికి ఇరువైపులా రిబ్బన్ కొసలు వేలాడుతున్నాయి.

"ఎవరు తెరిచారు దీన్ని?"

"పానీ గెనోవెఫా," అన్నాడు ఒనుఫ్రి లోపలి నుంచి. "చక్కగా తెరిచారు."

మేయరు రుసరుసలాడుతూ గడప దాటబోయాడు. వెనక నుంచి ఒక చేయి ఆయన జబ్బ పట్టుకుంది.

"కోటుతోనా?" అంది గెనోవెఫా.

మేయరు కాలరు వెనక పట్టీ కోసం తడుముకోసాగాడు.