తాడు కొయ్యని చాకు

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట వినపడేది చీపుర్ల చప్పుడు. ఊడ్చే చప్పుడు కాదు, కట్టే చప్పుడు. నానమ్మ వసారాలో కాళ్ళు చాపుకుని కూచుని, ఆరిన గడ్డి గుప్పెడు తీసి, మొదళ్ళు నేలకేసి టకటకా కొట్టి సమం చేసి, తీగ చుట్టి, మెలిపెట్టి పక్కన పడేస్తుంది. కోడలు ఇంకో మూల కూచుని కంకుల్లో నూగు దులుపుతుంది. ఒంటి చేత్తోనే. రెండో చేతికి తాడుంటుంది. ఆ తాడు రెండో కొసన, పైన దూలం దగ్గర, పింజ ఉంటుంది.

పింజ అంటే ఆ ఇంటి పిల్ల. దూదిపింజలా ఉందే అని పురుడు పోసినావిడ అన్న మాటే పేరైపోయింది. తూకం వేద్దామని త్రాసులో పెడితే పళ్ళెం కదల్లేదు. పిల్ల మాత్రం పళ్ళేనికి జానెడు పైన తేలుతూ గుక్కపట్టి ఏడ్చింది. వీధిలో ఎవరూ వింతగా చూళ్ళేదు. ఒకరి పిల్లకి మెల్ల, ఒకరి పిల్లకి నత్తి, వీళ్ళ పిల్లకి తేలిక. ఇంట్లో గాలాడనప్పుడు నేలకి జానెడు ఎత్తున అడుగులేస్తూ తిరుగుతుంది. గాలొస్తే లేస్తుంది. పక్కింటావిడకి ఒక్కటే బాధ.

"మీ పిల్ల గోడ మీంచి చూస్తోందమ్మా, తలంటుకోనివ్వదు."

"చూస్తే చూసిందిలే, నీ దగ్గర అంత చూడాల్సిందేముంది?" అనేది నానమ్మ. మనవరాలి వల్ల ఆవిడకి లాభమే. చెప్పులు అరగవు. బూజు దులపడానికి నిచ్చెన అక్కర్లేదు.

తాడు సంగతి వేరు. పింజ పాకే వయసులో ఓసారి గాలి దుమారానికి గుమ్మంలోంచి బయటపడి వీధి చివర దాకా కొట్టుకుపోయింది. కోడలు వెంటబడి కాలు పట్టుకుని వెనక్కి లాగింది. ఆ సాయంత్రం తాడు కట్టింది. ఒక కొస పిల్ల నడుముకి, ఒక కొస తన మణికట్టుకి. పిల్ల పెరిగేకొద్దీ నడుము దగ్గర ముడి వదులు చేస్తూ వచ్చింది. మణికట్టు దగ్గర ముడి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అది బిగిసి బిగిసి రాయైపోయింది. పిల్ల బడిలో ఉంటే తల్లి బడి గుమ్మం బయట కూచునేది. పిల్ల ఎటు పోయినా పిలిచే పని లేదు. తాడు ఓ లాగు లాగితే చాలు, వచ్చేసేది.

ఆ ఇంట్లో ఓ పద్ధతుంది. చివరి పాలపన్ను ఊడితే చాకు కొనిస్తారు. గడ్డి కోసే ఇల్లు కాబట్టి, పిల్లలు కొండ మీద కోతకి దిగేది ఆ చాకుతోనే. కొడవలి తర్వాతి మాట. ఓ పొద్దున పింజ దూలం దగ్గర్నుంచి అరిచింది.

"నానమ్మా, ఊడింది! ఇదిగో!"

పన్ను టప్పున వచ్చి గడ్డిలో పడింది. నానమ్మ దాన్ని వెతికి తీసి, వెలుతుర్లో తిప్పి చూసి, కోడలి వంక చూసింది.

"సరే. చాకు కొనాలి."

కోడలు చేతిలో కంకి కింద పెట్టింది. "అందరి పిల్లలకీ సరే అత్తయ్యా. దీనికెందుకు?"

"పోయినేడు కొండ మీద ఏమైందో మరిచిపోయావా? తాడు ముళ్ళకంపకి చుట్టుకుంది. పైన గాలి లాగుతోంది, కింద కంప వదలదు. పిల్ల నడుం తెగేట్టయింది. నేను కొడవలి పట్టుకుని ఆ కంపలో దూరి వచ్చేసరికి కళ్ళు తేలేసింది. చేతిలో చాకుంటే తనే కోసుకునేది."

"అదే నా భయం. కోసుకుంటుంది. ఆ తర్వాత?"

నానమ్మ తలెత్తి దూలం వంక చూసింది. తాడు లేకపోతే పింజ ఎంత పైకి పోతుందో ఎవరికీ తెలీదు. ఎవరూ చూడలేదు కాబట్టి.

సరుకుల బండి తోలే కొడుకు గుమ్మంలో చెప్పులేసుకుంటూ అంతా విన్నాడు. "తాడో పేడో మీరిద్దరే తేల్చుకోండి," అనేసి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో మగాడి పాత్ర అంతే.

ఆ వారం ఇనప సామాన్ల కొట్టుకి ముగ్గురూ వెళ్ళారు. కోడలికి తెలీకుండా వెళ్ళే వీలు నానమ్మకి ఎలాగూ లేదు. కొట్టాయన పింజని చూడగానే తిరిగే ఫ్యాను ఆపాడు. పింజ మేకుల డబ్బాల పైన ఆగి, బోర్లా పడుకున్నట్టు తేలుతూ గాజుబల్లలోకి చూసింది.

"చిన్నదానికా పెద్దమ్మా? ఇదిగో, మడత చాకు. ఎర్రగా ఎంత బాగుందో."

"మడతది వద్దు. తెరిచినంత సులువుగా వేళ్ళ మీద మూసుకుంటుంది."

"ఇది? చివర చూడండి, సూదే."

"అది పొడవడానికి. మేం ఎవర్నీ పొడవం. చివర గుండ్రంగా ఉన్నది తియ్యి. కోసే రేకు పిడి లోపల దాకా పోవాలి, పైపైన అతికించింది కాదు. పొడవు దాని అరచేతిని మించకూడదు. ఏదీ, చెయ్యి చూపించవే."

పింజ పైనుంచి చెయ్యి కిందికి చాపింది. నానమ్మ ఒక్కో చాకూ ఆ చేతిలో పెట్టి, పిడి చుట్టూ వేళ్ళు మూసి, లాగి చూసింది. నున్నటి పిడి చెమటకి జారుతుందని పక్కన పెట్టింది. ఆకుపచ్చ పిడి గడ్డిలో పడితే కనపడదని పక్కన పెట్టింది. చివరికి పసుప్పచ్చ పిడివి, తోలు ఒరతో ఉన్నవి కొన్ని మిగిలాయి.

అప్పుడు కోడలు నడుం దగ్గర దోపుకున్న తాడు ముక్క తీసి బల్ల మీద పెట్టింది. పింజని కట్టిన తాడులోదే. మిగిలిపోయిన ముక్క.

"దీన్ని కోసి చూపించండి," అంది.

కొట్టాయన ఉత్సాహపడ్డాడు. "చూడండమ్మా, ఒక్క దెబ్బకే!" అని మొదటి చాకు పెట్టి లాగాడు. తాడు తెగింది.

"ఇది వద్దు," అంది కోడలు.

ఆయన నోరు తెరిచి నానమ్మ వంక చూశాడు. రెండోది తీశాడు. దానికీ తాడు తెగింది. అదీ వద్దంది. ఇంకోటి. కొట్టాయన నుదురు తుడుచుకున్నాడు. ఫ్యాను లేదాయె.

"అమ్మా, ఇన్నేళ్ళుగా కొట్టు నడుపుతున్నా. తెగట్లేదని చాకు వెనక్కి తెచ్చినవాళ్ళున్నారు గానీ..."

"మీ దగ్గర తాడు కొయ్యని చాకు లేదా?" అంది కోడలు.

ఆయన బల్ల కిందికి వంగి, అట్టపెట్టె వెతికి, దుమ్ము పట్టిన చాకొకటి తీశాడు. ఎన్నాళ్ళ నుంచి పడుందో. పసుప్పచ్చ పిడి, గుండ్రటి చివర, పొడవు సరిగ్గా సరిపోయింది. అంచు మాత్రం చెంచాలా ఉంది. తాడు మీద ఎంతసేపు రుద్దినా నూగు లేచిందే గానీ తెగలేదు.

"ఇదే," అంది కోడలు.

"మొద్దు కత్తే వేళ్ళు కోస్తుంది అమ్మాయ్," అంది నానమ్మ. "పదునుది చెప్పిన మాట వింటుంది. మొద్దుదాన్ని బలవంతం చెయ్యాలి. బలవంతం చేస్తే ఎటు పోతుందో దానికే తెలీదు."

"ఇదైతేనే కొనండి. లేకపోతే పదండి ఇంటికి."

పింజ ఆ చాకుని అప్పటికే గుండెకి అదుముకుంది. నానమ్మ కొనేసింది. మొద్దుదైనా ఇనుమే కదా, మందు తెలుసు అనుకుంది మనసులో.

ఇంటికొచ్చాక పాఠం మొదలు. చెయ్యి చాపి చుట్టూ తిరుగు, ఎవరూ తగలకపోతేనే ఒరలోంచి తియ్యి. కోసేది నీ వైపుకి కాదు, బయటికి. ఎవరికైనా ఇవ్వాలంటే చేతికివ్వకు, కింద పెట్టు, వాళ్ళే తీసుకుంటారు. పని అవ్వగానే ఒర. ఒర లేని చాకు, బుద్ధి లేని నోరు రెండూ ఒకటే.

"నీ నోటికి ఒర ఉందా నానమ్మా?"

"మీ తాత పోయాక తీసి పారేశా. నువ్వు పని చూడు."

పింజ పుల్లలు చెక్కడం నేర్చుకుంది. చాకు దిగదు. నొక్కేది. ఇంకా నొక్కేది. ఓ మధ్యాహ్నం చాకు పుల్ల మీద జారి బొటనవేలి మొదట్లో దిగింది. నెత్తురు బొట్లు పైనుంచి చీపుర్ల మీద పడ్డాయి. పింజ ఏడవలేదు, "అయ్యో, కట్టిన చీపుర్లు," అంది.

కోడలు తాడు లాగి పిల్లని ఒళ్ళోకి దించుకుంది. గుడ్డ పీలిక పంటితో చించి, ఒంటి చేత్తోనే గట్టిగా కట్టింది. చెప్పానా అనే మాట నానమ్మ నాలుక చివరి దాకా వచ్చింది, మింగేసింది. అంత కష్టం ఆవిడ ఈ మధ్య ఎప్పుడూ పడలేదు.

కట్టు కట్టాక కోడలు నేల మీది చాకు అందుకుంది.

"అత్తయ్యా, మీ సానరాయి ఎక్కడుంది?"

నానమ్మ తెచ్చింది. కోడలు నీళ్ళు పోసింది. పక్కింటావిడ గోడ మీంచి "ఏం చప్పుడది?" అనేదాకా నానమ్మ నూరింది. అంచు మీద వెలుతురు నిలిచింది. కోడలు ఆ పాత తాడు ముక్క తెచ్చి చాకు కింద పెట్టింది. పెట్టిందో లేదో రెండు ముక్కలైంది. కోడలు ఆ రెండు ముక్కలూ చూసింది. చాకు పిల్ల చేతికివ్వకుండా, నేల మీద పిడి అటు తిప్పి పెట్టింది.

కోతలప్పుడు ముగ్గురూ కొండెక్కారు. గడ్డి బాగా ఎదిగింది, కంకులు బూడిద రంగులో ఊగుతున్నాయి. నానమ్మ కింది వాలులో కొడవలి వేసింది. కోడలూ పింజా పైన, గండి పక్కన ఉన్నారు. ఆ గండికి అవతల ఇంకో కొండ. అటు పోవాలంటే కిందికి దిగి వాగు దాటి చుట్టూ తిరిగి ఎక్కాలి. అంత ఓపిక ఎవరికీ లేక, ఆ గడ్డి ఎప్పుడూ నిలిచే ఉంటుంది.

పింజ చాకుతో కోసినవి నాలుగు గుప్పెళ్ళే. గాలి గండిలోంచి ఒక్కసారిగా తిరిగింది. నానమ్మ తలెత్తేసరికి పింజ చెట్టంత ఎత్తున ఉంది, తాడు కర్రలా బిగిసి ఉంది. కోడలు రెండు కాళ్ళూ తన్నిపెట్టి వెనక్కి వాలింది. కాళ్ళ కింద గులకరాళ్ళు. జారడం మొదలైంది. ఒక్కో అడుగే గండి వైపు.

"ముడి విప్పు!" అని అరిచింది నానమ్మ, కొడవలి పారేసి పైకి పాకుతూ.

ఆ ముడి విప్పేది కాదని అరుస్తుండగానే గుర్తొచ్చింది. పిల్ల పోతుందేమోనని కట్టిన ముడి, ఇప్పుడు తల్లినే పట్టుకుపోతోంది.

పింజ పైనుంచి అంతా చూసింది. ఒర బొత్తాం తీసింది.

"వద్దు!" అంది కోడలు. కాలి మడమ గండి అంచు మీదుంది. "వద్దే! కొయ్యకు! నేను పట్టుకున్నాలే!"

"నువ్వెక్కడ పట్టుకున్నావమ్మా? అదే నిన్ను పట్టుకుంది," అంది పింజ. చాకు అంచు పొట్ట వైపు కాకుండా బయటికి తిప్పి, తాడుకి ఆనించి, ఒక్కసారి లాగింది.

కోడలు వెల్లకిలా గడ్డిలో పడింది. తాడు ఆమె మీద పడింది. పింజ గాల్లో ఒక పిల్లిమొగ్గ వేసింది.

"చాకు ఒరలో పెట్టు ముందు!" అని అరిచింది నానమ్మ. అప్పుడు ఆవిడకి తోచింది అదొక్కటే.

పింజ పెట్టింది. బొత్తాం కూడా పెట్టుకుంది. తర్వాత గాలి ఆమెని గండి మీదుగా తీసుకుపోయింది. పైకి మాత్రం తీసుకుపోలేదు. దారం తెగిన పటం ఎలా పోతుందో అలా, ఇటు ఊగి అటు ఊగి, దిగుతూ దిగుతూ వెళ్ళి అవతలి కొండ మీద, ఎవరూ కొయ్యని గడ్డిలో నిలబడింది. నేలకి జానెడు ఎత్తున. అంతకంటే ఒక్క వేలు కూడా పైకి కాదు. గాలి ఆమె చుట్టూ గడ్డినంతా పడుకోబెడుతోంది, ఆమెని మాత్రం కదిలించట్లేదు.

నానమ్మ ఆయాసపడుతూ వచ్చి కోడలి పక్కన కూలబడింది. ఇద్దరూ అటే చూశారు.

"అత్తయ్యా," అంది కోడలు, "ఇన్నాళ్ళూ దాన్ని ఎగరేసింది నేనేనా?"

"ఇప్పుడెందుకా లెక్కలు? పిల్లని పిలువు."

కోడలు అలవాటుగా మణికట్టు లాగింది. ఖాళీ తాడు గడ్డిలో పాములా జరిగింది. ఆమె దాని వంక చూసి, నోరు తెరిచింది. "పింజా," అంది. పక్కన కూచున్న నానమ్మకే సరిగా వినపడలేదు. కూతుర్ని దూరం నుంచి పిలవడం ఆమెకి అలవాటు లేదు. ఎంత గట్టిగా పిలవాలో తెలీదు. మళ్ళీ పిలిచింది. ఆ పిలుపు గండి దాకా పోయి ఆగిపోయింది. నానమ్మ తను అందుకుని పిలిచేదే, కానీ పళ్ళు బిగపట్టి ఊరుకుంది.

కోడలు లేచి నిలబడింది. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది.

"పింజా... ఓ పింజా... వస్తావా!"

కొండ ఆ మాటని తీసుకుని అవతలికి ఇచ్చింది. గడ్డిలో వంగిన పిల్ల తలెత్తింది. చేతిలో అప్పటికే గుప్పెడు కంకులున్నాయి.

"వస్తా! ఇక్కడ గడ్డి ఎంతుందో చూడవే అమ్మా! ఈ కట్టయ్యాక వస్తా!"

కోడలు వెనక్కి తిరిగి అత్త వంక చూసింది. "కట్టయ్యాక వస్తుందట."

"వస్తుందిలే. కూచో. చుట్టూ తిరిగి రావాలి, పొద్దెక్కుతుంది," అంది నానమ్మ, కొడవలి కోసం వాలు దిగుతూ.

కోడలు కూచుంది.