గచ్చు కలదు

నిచ్చెనను గోడకు ఆనించి దోన్ ఫిదెన్సియో మూడోసారి ఆగాడు. ఆగినట్టు కనపడకుండా ఆగడం ఆయనకు బాగా వచ్చు. మా గనుల ఊరు పచూకాలో గుట్ట మీది సందుల్లో ఆయాసం వచ్చే ప్రతి మలుపులోనూ ఒక కల్లు దుకాణం ఉంటుంది, దాని నుదుట ఆయన రాసిన పేరు ఉంటుంది. తల పైకెత్తి దాన్ని చూస్తూ నిలబడితే మేస్త్రి తన పనితనం చూసుకుంటున్నాడనుకుంటారు గానీ, ముసలాయనకు ఊపిరందడం లేదని ఎవరూ అనుకోరు.

పొట్టి మనిషి. డెబ్బై ఆరేళ్లు. నిచ్చెన మోసి మోసి కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి దిగింది. గోళ్ల సందుల్లో ఎర్రరంగు ఎంత కడిగినా పోదు. పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు చేతులు జేబుల్లోనే ఉంచుకుంటాడు. టోపీని గడ్డం కింద దారంతో కట్టుకుంటాడు, ఎందుకంటే మా ఊరి గాలి టోపీలనీ ఆరేసిన బట్టలనీ, ఒక్కోసారి కోళ్లను కూడా ఎత్తుకుపోతుంది. సంచిలో రంగు డబ్బాలు, సున్నం, సుద్ద, దారం, మధ్యాహ్నానికి బంగాళదుంప కూరిన రొట్టె ఒకటి ఉన్నాయి.

మొదట ఆగింది భూముల కచేరీ ఎదుటి 'రేపు రండి' దగ్గర. కచేరీ గుమాస్తాలు ఎవరికైనా చెప్పేది ఆ ఒక్క మాటే కాబట్టి, అది విన్నవాళ్లంతా తిన్నగా రోడ్డు దాటి వచ్చేస్తారని దుకాణదారుడు ఆ పేరు పెట్టాడు. రెండోసారి ఆగింది చర్చి పక్క 'పూజయ్యాక' దగ్గర. ఫాదరు ఏడాదిపాటు ఆ పేరు మీద మండిపడి, ఆఖరికి పూజకు ముందు తలుపు తీయకూడదన్న షరతు మీద ఊరుకున్నాడు. ఇప్పుడు ఆగింది 'ఇక్కడే ఉన్నానే' ముందు. ఇంతసేపూ ఎక్కడ చచ్చావని పెళ్లాం అడిగితే మగవాడికి అబద్ధం ఆడే అవసరం రాకూడదని ఆ పేరు.

ఈ కారణాలన్నీ ఫిదెన్సియోకు తెలుసు. పేరెందుకు పెట్టారో చెప్పందే ఆయన కుంచె ముంచడు. కారణం తెలియకపోతే అక్షరం వంకరపోతుందని అనేవాడు. అది సాకు. అసలు సంగతేమిటంటే ఆయనకు ఊళ్లోవాళ్ల సంగతులు తెలుసుకోవాలని మహా ఆరాటం. పని అయ్యాక లోపలికి వెళ్లి ఒక్క గ్లాసు కిత్తనార కల్లు తాగి, బల్లల మీద ఎవరెవరు ఏం చెక్కారో చదివి బయటపడేవాడు. ఎక్కడ బెంచీ కాలు ఊగుతుందో, ఎక్కడ జామపండు కలిపిన కల్లు బాగుంటుందో, ఏ దుకాణం పిల్లికి తాగుడు అలవాటో ఆయన్నే అడగాలి. గుట్ట మీద పదిహేడు దుకాణాలుంటే పదహారింటి లోపలి సంగతి ఆయనకు కంఠతా వచ్చు. పదిహేడోదాని గడప మాత్రం నలభై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ దాటలేదు. ఇవాళ వెళ్తున్నది అక్కడికే, అదీ ఎవరూ పిలవకుండా.

దాని పేరు కొన్సువేలో. ఓదార్పు అని అర్థం, ఆడవాళ్లకు పెట్టుకునే పేరు. దుకాణం యజమానురాలి పేరూ అదే. మగవాళ్లను మర్యాదకు దోన్ అన్నట్టు, ఆమెను దోన్యా అంటారు. ఆయన మొదటిసారి దాన్ని రాసేనాటికి గోడ నడిమధ్యన డాబా మీద నుంచి వాననీళ్ల గొట్టం ఒకటి దిగుతుండేది. మా లిపిలో ఆ పేరుకు ఎనిమిదక్షరాలు. మూడు గొట్టానికి ఇటూ, అయిదు అటూ వచ్చాయి. గొట్టం పక్కకు కుంచె దూరదు కదా అని రెండు వైపులా కాస్త ఎడం వదిలాడు. గొట్టానికి గోడ రంగే వేస్తే ఎవరు చూస్తారులే అనుకున్నాడు. దిగి, నాలుగడుగులు వెనక్కి నడిచి చదువుకున్నాక గానీ తప్పు కనపడలేదు. కొన్ అని ఒకటి, సువేలో అని ఒకటి విడదీస్తే మా భాషలో 'గచ్చు కలదు' అని. అప్పట్లో గుట్ట మీద ఏ కల్లు దుకాణానికీ గచ్చు లేదు. మట్టినేల మీద రంపప్పొట్టు చల్లేవారు. కొన్సువేలోదీ మట్టినేలే.

కుండకు మూత ఉంది గానీ లోకం నోటికి లేదు. గనిలోంచి వచ్చేవాళ్లు అది చదివి పడీ పడీ నవ్వారు. సాయంత్రానికల్లా ఆయన పేరు గచ్చు మేస్త్రి అయిపోయింది. పెళ్లయినా ఆ పేరే, పెళ్లాం పోయినా ఆ పేరే. ఎదురుపడ్డవాళ్లు "మేస్త్రీ, గచ్చు ఉందా?" అనేవాళ్లు, ఆయన "ఉంది, ఉంది" అని తల దించుకుపోయేవాడు. రెండేళ్లకోసారి అదే పేరు మీద కొత్త రంగు వేయడానికి మాత్రం తప్పకుండా వచ్చేవాడు. కొన్సువేలో లోపల్నుంచి గ్లాసు పంపిస్తే కడుపులో మంటని తిప్పి పంపేవాడు. మంట నిజమే గానీ కడుపులో కాదు.

పోయిన వారం గాలికి ఆ గొట్టం ఊడిపడిందనీ, కొత్తది గోడ మూలనుంచి దించారనీ ఆయన చెవిన పడింది. అప్పటినుంచి కాలు నిలవలేదు. గుండె బాగాలేదు, ఇక నిచ్చెన ఎక్కొద్దని డాక్టరు చెప్పి నెల కాలేదు. ఎక్కకపోతే ఆ తప్పు దిద్దేదెవరు? రాసిన పేర్లు వేలు, చేసిన తప్పు ఒక్కటి. తను పోయాక ఊరు చెప్పుకునేది ఆ ఒక్కటే. ఆయన భయమల్లా అది.

ఏడింటికి చేరాడు. పాత రంగు గీకి, సున్నం పూసి, ఆరేదాకా ఎదుటి రాతి మీద కూర్చున్నాడు. గొట్టాన్ని పట్టి ఉంచిన ఇనప కొక్కెం ఒక్కటే గోడలో మిగిలింది. ఊడదీయబోతే గోడ పెళ్లలు రాలాయి. అక్షరంలో కలిపేయొచ్చులే అని వదిలేశాడు. సుద్ద పూసిన దారాన్ని రెండు మేకులకు కట్టి లాగి వదిలితే టప్పున గీత పడింది. దాని మీద ఎనిమిదక్షరాలకూ సమంగా, మధ్యలో ఎడం లేకుండా గుర్తులు పెట్టాడు.

గని పని మానేసి ఇరవై ఏళ్లయినా మకారియో ఇప్పటికీ షిఫ్టుకు వచ్చినట్టే సరిగ్గా పదింటికి దుకాణానికి వస్తాడు. నిచ్చెన కింద ఆగి సుద్ద గుర్తుల్ని వేలితో లెక్కపెట్టాడు.

"ఏం మేస్త్రీ, అక్షరాలకు చలేస్తోందా? దగ్గరికి జరిగాయి."

"అవి ఉండాల్సిన చోటే ఉన్నాయి. నువ్వు లోపలికి పో."

మకారియో పోయాడు. లోపల ఆ సంగతి చెప్పాడు. కాసేపటికి కొన్సువేలో గడపలోకి వచ్చింది. పెద్ద మనిషి, మోకాళ్లు నొప్పులు, తెల్లజడ నడుము దాకా ఉంది. ముందు కట్టుకున్న గుడ్డకు చేతులు తుడుచుకుంటూ గోడను ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది.

"దిగండి మేస్త్రీ."

"దిద్దుతున్నాను దోన్యా. గొట్టం పోయింది కదా. ఇక మీ పేరు మీ పేరులా ఉంటుంది."

"ఒకసారి లోపలికి రండి. ఆ తర్వాత మీ ఇష్టం."

కడుపులో మంట సంగతి ఆయనకు గుర్తొచ్చేలోగానే ఆమె వెనుదిరిగింది. ఫిదెన్సియో దిగి, టోపీ తీసి, గడప మీద ఒక క్షణం నిలబడి లోపలికి అడుగు పెట్టాడు.

లోపల చల్లగా ఉంది. పులిసిన కల్లు వాసన వేస్తోంది. మూడు పీపాలు, గోడ పొడుగునా ఒక బల్ల, దాని మీద మోచేతులు ఆనించిన ఇద్దరు ముసలాళ్లు, వాళ్ల పక్కన మకారియో. ఇంకో దుకాణమైతే ముందు గోడల మీది రాతలు చదివేవాడు. ఇక్కడ ఆయన చూపు తిన్నగా కిందికి పోయింది. గచ్చు. మంచి సిమెంటు గచ్చు. అక్కడక్కడ పగిలినా, మనుషులు నడిచే దారిలో నున్నగా మెరుస్తోంది. పీపాల దగ్గర గచ్చులో దిగబడిన అరచేయి ముద్ర ఒకటి ఉంది. చూపుడు వేలు సగమే ఉన్న చేయి.

"అబుందియో," అంది కొన్సువేలో దాన్ని చూపించి.

అబుందియో ఆమె మొగుడనీ, తాపీపని చేసేవాడనీ, తొమ్మిదేళ్ల కిందట పోయాడనీ ఊళ్లో అందరిలాగే ఫిదెన్సియోకూ తెలుసు. ఎలా వచ్చాడో తెలియదు. ఆమె చెప్పింది. పేరు రాసిన మూడో రోజున, ఊరికి కొత్తగా వచ్చిన తాపీమేస్త్రి ఒకడు బయట అది చదివాడట. ఈ గుట్ట మీద గచ్చున్న దుకాణమా, ఎవడు వేశాడో చూద్దామని లోపలికొచ్చాడట. మట్టినేల చూసి నవ్వు ఆపుకోలేకపోతే ఆమెకు ఒళ్లు మండి చీపురు ఎత్తిందట. మర్నాడు మళ్లీ వచ్చాడు, ఈసారి భుజాన సిమెంటు బస్తాతో. బయట రాసింది అబద్ధం కాకూడదన్నాడు. గచ్చు ఆరేదాకా తొక్కకూడదు కాబట్టి ఇద్దరూ గడప మీద కూర్చుని మాట్లాడుకున్నారు. గచ్చు ఆరింది గానీ అబుందియో వెళ్లలేదు.

"ముప్ఫై రెండేళ్లు ఉన్నాడు," అంది.

"నాకెవరూ చెప్పలేదే," అన్నాడు ఫిదెన్సియో.

"మీరడగలేదుగా. ప్రతి దుకాణానికీ పేరెలా వచ్చిందో అడుగుతారట, నన్నొక్కదాన్నే అడగలేదు. మా మీద కోపమేమో అనుకున్నాం. పోయేదాకా అంటూనే ఉన్నాడాయన, ఆ మేస్త్రికి ఒక గ్లాసు పొయ్యాలే, మన పెళ్లి చేసింది అతనేగా అని."

ఫిదెన్సియోకు ఇన్నేళ్లూ తల దించుకు తిరిగింది దీనికోసమా అని ఏడుపొచ్చింది. సంతోషమూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో ఆయనకే తెలియలేదు.

"పేరు నాది మేస్త్రీ," అంది కొన్సువేలో. "మధ్యలో ఎడం ఆయనది. అది తీసెయ్యకండి."

ఆయన తలూపాడు. వెళ్లబోతూ మళ్లీ ఆగాడు. పాత ఆరాటం పైకి వచ్చేసింది.

"ఆ వేలు ఏమైంది?"

ఆమె ఫక్కున నవ్వింది. "అది పెద్ద కథ. రేపు రండి, చెప్తాను."

"అది కచేరీ ఎదుటి దుకాణం పేరు దోన్యా," అన్నాడు మకారియో.

ఫిదెన్సియో బయటికొచ్చి తడిగుడ్డతో సుద్ద గుర్తులన్నీ తుడిచేశాడు. అప్పుడు వచ్చింది చిక్కు. ఇన్నేళ్లూ గొట్టమే ఎడం చూపించేది. ఇప్పుడు ఎంత వదలాలో ఆయనకు తెలియదు. చివరికి కొక్కేనికి అటూ ఇటూ తన అరచేయి ఆనించి, చేతి వెడల్పున గుర్తు పెట్టాడు. మొదటిసారి జరిగిపోయిన దాన్ని ఈసారి కొలిచి పెట్టాడు. ఇటు మూడు, అటు అయిదు. రొట్టె తినడం కూడా మరిచిపోయి రాశాడు. ఆయాసం వస్తే దిగి, ఎదుటి రాతి మీద కూర్చుని, మళ్లీ ఎక్కాడు. మూడింటికి మొదటి పూత అయిపోయింది. రెండోది రేపు వేయాలి. నిచ్చెనను దుకాణంలో పెట్టి, పొట్టి కుంచెను కడగకుండానే కొక్కేనికి తగిలించాడు. ఎలాగూ పొద్దున్నే దానితోనే పని.

తర్వాత లోపలికి వెళ్లి, గచ్చు మీద కాళ్లు చాపుకుని, జామపండు కలిపిన కల్లు ఒక గ్లాసు మెల్లగా, చుక్క వదలకుండా తాగాడు. పదహారు దుకాణాలు చూసిన మనిషి కదా, ఇక్కడ తీపి కొంచెం ఎక్కువైందని చెప్పాడు. కొన్సువేలో ఒప్పుకోలేదు.

గుట్ట దిగేటప్పుడు 'ఇక్కడే ఉన్నానే' దగ్గర ఎవరో అలవాటు కొద్దీ అరిచారు. "మేస్త్రీ, గచ్చు ఉందా?"

"ఉంది," అన్నాడు ఫిదెన్సియో, తల ఎత్తి. "చూసొచ్చాను."

మర్నాడు ఆయన రాలేదు. కొన్సువేలో గ్లాసులో కల్లు పోసి, దాని మీద పళ్లెం మూసి బల్ల చివర పెట్టింది. సాయంత్రం మకారియో అడిగినా దాన్ని ముట్టుకోనివ్వలేదు. ఆ మర్నాడు నల్లశాలువా కప్పుకుని ఒతీలియా వచ్చింది. ఫిదెన్సియో అన్న కూతురు, ఆయన ఉండేది వాళ్లింట్లోనే. నిచ్చెన కోసం వచ్చానంది. ఆ రోజు బాబాయి ఇంటికొచ్చి, చిక్కుడుగింజలు తింటూ, "నిజంగానే గచ్చు ఉందే" అని తనలో తనే నవ్వుకున్నాడట. కాసేపు నడుం వాల్చాడు. దీపాలు పెట్టే వేళకు లేపితే లేవలేదు.

కొన్సువేలో ఆమెను కూర్చోబెట్టింది. వేలి కథ ఎవరికి చెప్పాలో తెలియక, ఒతీలియాకే చెప్పింది. ఆమె కన్నీళ్లు తుడుచుకుంటూ విని, మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. తర్వాత మకారియో నిచ్చెనను భుజానికెత్తుకుని ఆమె వెంట గుట్ట దిగాడు.

రెండో పూత ఎవరూ వేయలేదు. పల్చటి ఎరుపు కింద సున్నం తెలుపు కనిపిస్తూనే ఉంది. కొన్‌కీ సువేలోకీ మధ్య కొక్కేనికి వేలాడుతున్న పొట్టి కుంచె, రంగు ఎండి బిరుసెక్కిన కొసతో, గాలి వచ్చినప్పుడల్లా గోడను మెల్లగా తడుతోంది.