చీకటి కోసం కొన్న కారు

సానచక్రం అంచుకు గాజుబిళ్లను ఆనించి బొటనవేలితో మెల్లగా తిప్పుతున్నాడు ఎర్రప్ప. చక్రం మీదికి చుక్కచుక్కగా నీళ్లు జారుతున్నాయి. అరిగిన గాజు ఆ నీళ్లలో కలిసి తెల్లని గంధంలా మణికట్టు దాకా కారుతోంది. గరగర తగ్గి చక్రం సన్నగా కూయడం మొదలుపెట్టగానే చెయ్యి వెనక్కి తీశాడు. చొక్కా కొసతో బిళ్లను తుడిచి కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. ఎదురుగోడ మీది బల్లి అందులో రెండింతలై కనబడింది. బిళ్లను ఫ్రేములో కూర్చి పక్కనున్న రేకుడబ్బాలో పెట్టాడు.

కళ్యాణదుర్గం బస్టాండు వెనక సందులో ఉన్న ఆ కళ్లద్దాల షాపుకు ముందుగది యజమాని గిరిది. వెనకగది ఎర్రప్పది. గిరి వాళ్ల నాయన కాలంలో, మీసాలు సరిగా రాని వయసులో ఎర్రప్ప ఈ స్టూలు మీద కూర్చున్నాడు. ఇప్పుడు జుట్టు నెరిసింది, వీపు కొంచెం గూనిగా వంగింది. అతను సానపట్టిన అద్దాలతో ఊళ్లో ఎంతమందో పేపరు చదువుతారు, సూదిలోకి దారం ఎక్కిస్తారు. అతని ముఖం మాత్రం వాళ్లకు తెలియదు. ప్లాస్టిక్ అద్దాలు అనంతపురంలో మిషను మీద తయారై వస్తున్నాయి. పాతరకం గాజే కావాలనే ముసలి రైతులు కొందరు ఇంకా మిగిలి ఉండబట్టి ఎర్రప్పకు పని నడుస్తోంది.

"అన్నా, ఈ పొద్దు అమాస గదా," ముందుగదిలోంచి గిరి అన్నాడు. "బిరీన పోతావేమో."

"ఊఁ. శెట్టి కార్లో వస్తానన్యాడు."

"కారొచ్చినాక నీకేమన్నా, దొరవైతివి."

ఎర్రప్ప నవ్వలేదు. ఇంకో బిళ్ల చేతికి తీసుకున్నాడు.

శెట్టి అంటే సోమశేఖర్. పాత మార్కెట్ వీధిలో వాళ్లది విత్తనాల అంగడి. ఇప్పుడు కొడుకు వంశీకృష్ణ చూసుకుంటున్నాడు. బడిలో ఎర్రప్పదీ సోమశేఖర్‌దీ ఒకే బెంచీ. ఎనభైలో సూర్యగ్రహణం పట్టినప్పుడు ఊరంతా తలుపులు బిగించుకొని కూర్చుంటే, ఇద్దరూ అంగడి వెనక పేడనీళ్ల తొట్టి పక్కన గొంతుక్కూర్చుని, ఆ నీళ్లలో సూర్యుడు కొడవలిలా సన్నబడటం చూశారు. ఎర్రప్పకు నాయన చేతిలో దెబ్బలు పడ్డాయి. సోమశేఖర్‌కు వాళ్లమ్మ నెత్తిన బిందెల కొద్దీ నీళ్లు పోసింది. సూర్యుడికి పట్టింది కాసేపటికే విడిచింది గానీ, వీళ్లకు పట్టింది విడవలేదు. పెళ్లిళ్లయ్యాక చెరిసగం వేసుకొని బెంగళూరు నుంచి ఒక చిన్న దుర్భిణి తెచ్చుకున్నారు. అమాస వచ్చిందంటే దాన్ని భుజానికెత్తుకొని ఊరి బయట గుట్ట ఎక్కేవారు. అమాసనాడు మంచిపనికి గడప దాటని ఊరు అది. అందుకే వీళ్లకు 'అమాసోళ్లు' అని పేరొచ్చింది.

తర్వాత్తర్వాత వీధివీధికీ తెల్లని దీపాలొచ్చాయి. గుట్ట చుట్టూ గాలిమరలు లేచాయి. వాటి నెత్తిన ఎర్రదీపాలు పొద్దుగూకింది మొదలు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. గుట్ట మీంచి పాలపుంత కనబడక ఎన్నేళ్లయిందో ఇద్దరికీ గుర్తులేదు.

అప్పటినుంచి ఇద్దరి మధ్యా ఒకటే వాదన. ఇద్దరూ కలిసి దాచుకున్న డబ్బు ఒకదానికే చాలుతుంది. ఎర్రప్పకు పెద్ద దుర్భిణి కావాలి. సోమశేఖర్‌కు కారు కావాలి.

"ఎంత పెద్దది కొన్యా ఈ లైట్ల కింద ఏం కనపడతాదప్పా? కారుంటే చీకటుండే తావుకు పోవచ్చు," అనేవాడు సోమశేఖర్.

"కారొస్తే అది మన కారు కాదు శెట్టీ. పెండ్లికి ఒకరడుగుతారు, ఆస్పత్రికి ఒకరడుగుతారు. దుర్భిణిని ఎవురూ అడగరు."

ఏళ్ల తరబడి ఎవరూ తగ్గలేదు. మొన్న కార్తీకంలో గుట్ట ఎక్కుతుండగా సోమశేఖర్ ఒక బండ మీద కూర్చున్నాడు. చెప్పు తెగిందన్నాడు. చెప్పు తెగలేదు. ఇంకాస్త పైకెక్కి మళ్లీ కూర్చున్నాడు. ఈసారి ఏ సాకూ చెప్పలేదు. చలిగాలి కొడుతున్నా నుదురంతా చెమట. ఎర్రప్ప అతని సంచి తన భుజాన వేసుకున్నాడు. మర్నాడు విత్తనాల అంగడికి పోయి, "కారే కొందాం శెట్టీ. నువ్వు చెప్పిందే రైటు," అన్నాడు. సోమశేఖర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఒంట్లో ఎలా ఉందని మాత్రం ఎర్రప్ప అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది.

నెల కిందట పాత తెల్లకారు ఒకటి వచ్చింది. వచ్చిన వారానికే నల్లమాడలో పెళ్లికి పోయింది. తర్వాత విత్తనాల మూటలు మోసింది. ఒక రోజు పక్కింటి ఆమెకు నొప్పులొస్తే ఆస్పత్రికి పరుగెత్తింది. నేను చెప్పలేదా అని ఎర్రప్ప అనలేదు. ఆడపిల్ల పుట్టిందని విని, "అయితే మంచి కారే," అన్నాడు.

పొద్దు వాలకముందే ఇంటికి పోయి ముఖం కడుక్కున్నాడు. భార్య ఓబులమ్మ రొట్టె, పప్పు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"శెట్టి మనిషి శానా చిక్కినాడు," అంది. "అన్నం సరిగ్గా తినడం ల్యాదంట. వాళ్ల ఇంటామె ఆదిలక్ష్మమ్మ కండ్లనీళ్లు పెట్టుకున్యాది."

"ఊఁ."

"నువ్వు అడగరాదా? నీకైతే చెప్తాడు."

"అడుగుతాలే," అన్నాడు ఎర్రప్ప, రొట్టె తుంచుతూ.

వాకిట్లో హారను మోగింది. సోమశేఖర్ రెండు చేతులా స్టీరింగును గట్టిగా పట్టుకొని, ముందుకు వంగి కూర్చొని ఉన్నాడు. మెడ దగ్గర చొక్కా వదులైపోయింది. ముఖంలో మాత్రం బడి ఎగ్గొట్టిన పిల్లాడి కళ.

"ఏమప్పా, ఎక్కు. వజ్రకరూరు దావలో ఒక బీడు జూసి పెట్టినా. మనిషి అలికిడి ల్యాదు, దీపం ల్యాదు."

దుర్భిణిని వెనకసీట్లో పడుకోబెట్టి ఎర్రప్ప పక్కన కూర్చున్నాడు. కారు మెల్లగా ఊరు దాటింది. వేరుశనగ పీకేసిన చేలు రోడ్డుకు రెండు వైపులా ఎర్రగా, బోడిగా పడున్నాయి. గాలిమరలు వెనకబడ్డాయి. తొలకరి పడితే జనం నేల మీద కళ్లు పెట్టి వజ్రాలు వెతికే సీమ అది. ఈ కాలంలో అక్కడ ఎవరూ ఉండరు. బీడులో కారు ఆగేసరికి పడమట మిగిలిన వెలుతురు కూడా ఇంకిపోయింది.

ఎర్రప్ప ముక్కాలి నిలబెట్టి దుర్భిణి బిగించసాగాడు. సోమశేఖర్ కారు దిగలేదు. సీటు వెనక్కి జరిపి, తలుపు తెరిచి, కాళ్లు కింద పెట్టి కూర్చున్నాడు. వేయించిన వేరుశనక్కాయల పొట్లం ఒళ్లో, ఫ్లాస్కు మూత ముందు అద్దం కింద పెట్టుకున్నాడు. గాజుపనితో ఎర్రప్ప వేళ్ల కొసలు ఎప్పుడూ పగిలి ఉంటాయి. అందుకని కాయలు ఒలవడం ఎప్పుడూ శెట్టి పనే.

"ఎర్రప్పా."

"ఏమి?"

"నీకిష్టం ల్యాకనే కారుకు ఒప్పుకున్యావని నాకు తెలుసు. ఆ పొద్దు గుట్ట మీద నన్ను జూసినావు."

మర బిగిస్తున్న ఎర్రప్ప చెయ్యి ఆగింది. "డాక్టరేమన్యాడు?"

"గుండె పెద్దదైనాదంట. బెంగళూరుకు పొమ్మన్యాడు. వచ్చే వారం పోతా." కాయ చిట్లిన చప్పుడు. "నీకు పెద్ద దుర్భిణి ల్యాకుండా చేస్తి."

"వచ్చే వారం కాదు, రేపే పోదాం. నేనూ వస్తా," అన్నాడు ఎర్రప్ప. "దుర్భిణి మాట ఇడిసిపెట్టు. తల పైకెత్తి జూడు."

ఇద్దరూ చూశారు. చుక్కలు ఎక్కడా సందు వదలకుండా క్రిక్కిరిసి ఉన్నాయి. పిల్లలకోడి చుక్కల గుంపు నడినెత్తిన ముద్దగా మెరుస్తోంది. ఆ పక్కనే మూడు చుక్కల వరస, గొల్లకావడి. దాని మీదుగా పాలపుంత, పలుచగా, ఆరేసిన పాత పంచెలా.

"నువ్వు చెప్పిందే రైటు శెట్టీ," అన్నాడు ఎర్రప్ప. ఈసారి మనస్ఫూర్తిగా అన్నాడు.

గొల్లకావడి కిందికి దుర్భిణి తిప్పి కన్ను ఆనించాడు. దీపాలొచ్చాక గుట్ట మీద మసక చుక్కగా తప్ప కనబడని, చుక్కలు పుట్టే మబ్బు ఇక్కడ రెక్కలు విప్పుకొని, లేతపొగలా, దాని నడుమ నాలుగు చిన్న చుక్కలతో కనబడింది.

"శెట్టీ, రా. రెక్కలు కనపడతాండాయి."

"నువ్వు జూడప్పా. తీరుబడిగా జూడు. వస్తా."

ఎర్రప్ప చూస్తూ ఉండిపోయాడు. చుక్కలు పడమటికి జరిగేకొద్దీ దుర్భిణిని కొంచెం కొంచెం జరిపాడు. వెనక కాయలు చిట్లుతున్న చప్పుడు వింటూనే ఉన్నాడు. అది ఎప్పుడు ఆగిపోయిందో గమనించలేదు.

"ఇంక రా శెట్టీ, వాలిపోతాది."

శెట్టి దిగి రాలేదు. కునుకు తీశాడనుకున్నాడు. దగ్గరికి పోయి భుజం తట్టాడు. సోమశేఖర్ తల తెరిచిన తలుపు వైపు ఒరిగి ఉంది. ముఖం ఆకాశం వైపు ఉంది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఎర్రప్ప అతని ఛాతీకి చెవి ఆనించాడు. మళ్లీ ఆనించాడు. పేరు పెట్టి పిలిచాడు.

తాళంచెవి దాని చోట వేలాడుతోంది. ఎర్రప్పకు కారు నడపడం రాదు. అన్నేళ్లు వాదించుకున్నా, నేర్చుకుందామన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. ఫోను తీసి వంశీకృష్ణకు చేశాడు. ఎక్కడున్నదీ చెప్పాడు, ఏం జరిగిందీ చెప్పాడు. వాళ్లు వచ్చేదాకా ఏం చెయ్యాలో తోచక దుర్భిణి మరలు విప్పి, గుడ్డ చుట్టి, కారు డిక్కీలో పెట్టాడు. తర్వాత వచ్చి నేల మీద కూర్చొని, సోమశేఖర్ కాలిమడమను రెండు చేతులతో పట్టుకున్నాడు. మడమకు ఎర్రమన్ను అంటి ఉంది.

వంశీకృష్ణ స్నేహితుడి వెనక మోటారు సైకిలు మీద వచ్చాడు. ముగ్గురూ కలిసి సోమశేఖర్‌ను వెనకసీట్లోకి మార్చారు. ఎర్రప్ప అతని తల తన ఒళ్లో పెట్టుకున్నాడు. వంశీకృష్ణ ఏడుస్తూనే కారు నడిపాడు. గాలిమరల ఎర్రదీపాలు ఎదురొచ్చి, ఆరుతూ వెలుగుతూ పక్కకు జరిగిపోయాయి.

అంగడి వీధిలో జనం అప్పటికే చేరారు. అందరూ పట్టి సోమశేఖర్‌ను లోపలికి తీసుకుపోయారు. ఆదిలక్ష్మి గొంతు ఒక్కసారి వినిపించి, ఆడవాళ్ల మధ్య అణిగిపోయింది. నాలుగు తలుపులూ తెరుచుకొని కారు వీధిలో ఒంటరిగా నిలబడింది. తలుపులు వేద్దామని ఎర్రప్ప బయటికి వచ్చాడు. ఒక్కొక్కటే మూసుకుంటూ చివరికి సోమశేఖర్ కూర్చున్న వైపుకు వచ్చాడు.

ముందు అద్దం కింద ఫ్లాస్కు మూత ఉంది. దాని నిండా ఎర్రపొట్టు కూడా తీసేసి ఒలిచిపెట్టిన వేరుశనగ గింజలు. అందులోంచి ఒక్కటి కూడా తిన్నట్టు లేదు.