బండి కింది దిమ్మ

పొద్దున్నే శంఖుపూలతో వండిన నీలి అన్నం పొట్లం కడుతూ అమ్మ మొదలుపెట్టింది. "ఆ సురయాని చూసి నేర్చుకోవే హస్నీజా! ఆ పిల్ల గ్రాఫు గీస్తే తాడు లాగినట్టుంటుందట. నువ్వు గీస్తే బల్లి పాకినట్టు!"

ఏ ఇంట్లోనైనా వినబడే మాటే. పిల్ల బాగుపడాలనే అన్నది. కానీ మలేషియాలోని ఆ కెలంతాన్ నది ఒడ్డు వెంట బడికి నడిచినంతసేపూ ఆ మాట హస్నీజాను వదల్లేదు. ముందు నడుస్తున్న పక్కింటి సురయా తలగుడ్డ సర్దుకున్నా, ఈమె కంటికి గొప్పలు పోతున్నట్టే కనిపించింది.

ఆరోజు బలం, ద్రవ్యరాశి, త్వరణం గురించిన ప్రయోగం. కాస్త వాలుగా పెట్టిన చెక్కబాట మీద చిన్న బండిని రబ్బరు తాడుతో ఒకే బిగువున లాగాలి. తర్వాత దానిమీద రెండో బండి, మూడో బండి పేర్చాలి. లాగే బలం మారకుండా ద్రవ్యరాశి పెరిగితే త్వరణం ఎలా తగ్గుతుందో చూడాలి. ఎవరి లెక్క బాగా కుదిరితే వాళ్ళు కోతా బారు పట్నంలో జరిగే విజ్ఞాన ప్రదర్శనకు వెళతారు.

సురయా చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. ఆమె బాటకు వాలునిచ్చే చిన్న చెక్కదిమ్మను హస్నీజా మెల్లగా లాగి జేబులో వేసుకుంది. చక్రాల రాపిడిని సరిపెట్టేది ఆ వాలే.

సురయా మూడు బండ్లూ పేర్చి లాగింది. సగం దారిలో ఆగిపోయాయి.

"ఇంకాస్త గట్టిగా లాగవే, ఎవరు చూడొచ్చారు?" అంది పక్క బల్ల రొహానా.

"లాగుడు మారిస్తే ఇంక ప్రయోగమెందుకే?" అంటూ సురయా వచ్చిన అంకెలే రాసి ఇచ్చింది. ఆమె ముఖం వాడిపోయింది. హస్నీజా మనసు చల్లబడింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పంతులమ్మ చిక్‌గూ రమ్లా అందరి లెక్కలూ చూసింది. "హస్నీజాదే బాగుంది. రా అమ్మాయీ, అందరికీ చేసి చూపించు" అని దగ్గరున్న బల్ల చూపింది. అది సురయాది.

హస్నీజా లాగింది. బండ్లు సగంలో నిలబడ్డాయి. మళ్ళీ లాగింది. అంతే.

"ఏమే, నీ బండి కూడా అలిగిందా?" రొహానా నవ్వింది.

సురయా మాత్రం నవ్వలేదు. వంగి చక్రాలు చూస్తూ, "తప్పు నాదేననుకుని అన్నం కూడా మానేశాను. ఇందులోనే ఏదో ఉంది చిక్‌గూ" అంది.

హస్నీజా చెయ్యి జేబులోకి వెళ్ళింది. దిమ్మను తీసి బాట కింద పెట్టింది.

"సురయా బండి ఆగింది సరే," అంది చిక్‌గూ నెమ్మదిగా. "దానివల్ల నీ బండికి త్వరణం ఏమైనా పెరిగిందా తల్లీ?"

దిమ్మ పెట్టాక సురయా మళ్ళీ లాగితే ఆమె లెక్కే అందరికన్నా బాగా కుదిరింది. ప్రదర్శనకు ఆమెనే ఎంచారు.

సాయంత్రం గడప తొక్కగానే అమ్మ అడిగింది: "సురయాకి ఎన్నొచ్చాయే?"

హస్నీజా జరిగిందంతా చెప్పి, ఏడుస్తూ అంది: "రోజూ నువ్వడిగే ఆ ప్రశ్నే నాచేత దిమ్మ తీయించిందమ్మా. ఇకమీదట నా బండి ఎలా నడిచిందో అడుగు."